డి డ్రైవు జోలికి పోవద్దు

పోలింగు ఏప్రిల్ 11న అయింది. లెక్కింపు మే 23న. 2019 వేసవిలో ఆ మధ్య ఆరు వారాలూ ఈపూరులో ఎవరిని కదిలించినా ఒకటే లెక్క: వినుకొండలో ఎవరు, రాష్ట్రంలో ఎవరు, ఎంత మెజారిటీతో. మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు తోలేసిన వాళ్లకి తీరిక. ఇంకా కల్లంలో కాయ ఆరబోసుకున్న వాళ్లకి మబ్బు కనపడితే గుబులు. అట్లాంటి నెలాఖరు పొద్దున ఒక పెద్దాయన కరెంటు బిల్లు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఊళ్లోని నెట్ సెంటరుకు వచ్చాడు.

పొలం మోటారుకి ఆయన బిల్లు కట్టక్కర్లేదు. వ్యవసాయానికి 2004 నుంచి ఉచిత విద్యుత్తే. జేబులో ఉన్నది ఇంటి సర్వీసుది. మీటరు రీడరు గుమ్మం ముందు నిలబడి మిషన్లోంచి చింపి ఇచ్చిన చీటీ.

"ఇది కట్టి రసీదు తియ్ అబ్బాయ్."

"సైటు తెరుచుకోవట్లా బాబాయ్. పొద్దుట్నించీ ఇంతే."

"నీ నెట్టు పోయిందేమో చూడు."

"నెట్టుకేం, బాగానే ఉంది. ఇందాకే హాల్ టికెట్లు తీసిచ్చా. కరెంటోళ్ల సైటే రావట్లా."

"రేపే ఆఖరు రోజు. కట్టకపోతే లైన్‌మన్ వచ్చి ఫీజు పీకుతాడు. సైటు రాలేదయ్యా అంటే వింటాడా?"

అబ్బాయి దగ్గర సమాధానం లేదు. చీటీ మీద సర్వీసు నంబరు ఒక కాయితం మీద రాసుకుని, సాయంత్రం చూస్తానన్నాడు. అప్పటికే ఆ కాయితం మీద అట్లాంటి నంబర్లు వరసగా ఉన్నాయి.

(ఈపూరు మనుషులు, వాళ్ల మాటలు ఈ కథనం కోసం అల్లినవి. తేదీలు, సంస్థలు, యంత్రాలు చేసిన పనులు మాత్రం జరిగినవి జరిగినట్టే.)

సైటు పడకేసింది ఈపూరులో కాదు. అప్పటికి పల్నాడు జిల్లా లేదు, అది 2022 ఏప్రిల్ 4న పుట్టింది. ఈపూరు అప్పుడు గుంటూరు జిల్లా మండలం. గుంటూరు జిల్లా కరెంటు తిరుపతి కేంద్రంగా నడిచే ఏపీ ఎస్పీడీసీఎల్ చేతిలో ఉండేది. విజయవాడ కేంద్రంగా సీపీడీసీఎల్ పని మొదలుపెట్టింది 2020లో. అంటే 2019లో ఈపూరు పెద్దాయన బిల్లు రసీదు రావాలంటే రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లు దాటిన చోట ఒక కంప్యూటరు పలకాలి. అది పలకలేదు. తిరుపతిది ఒక్కటే కాదు, విశాఖ కేంద్రంగా ఉన్న ఈపీడీసీఎల్, హైదరాబాదులోని టీఎస్ ఎస్పీడీసీఎల్, వరంగల్‌లోని టీఎస్ ఎన్పీడీసీఎల్ కూడా మూగబోయాయి. రెండు రాష్ట్రాల్లో నాలుగు కరెంటు పంపిణీ సంస్థలు ఒకే దెబ్బకి దొరికాయి.

మే మొదటి రోజుల్లో పత్రికలు అసలు సంగతి రాశాయి. రాబిన్‌హుడ్ అనే రాన్సమ్‌వేర్. కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవి కావాలంటే బిట్‌కాయిన్లలో డబ్బు కట్టమంటుంది. పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. కరెంటు సరఫరాకు ఏమీ కాలేదు. సబ్‌స్టేషన్లు, ఫీడర్లు వేరే వ్యవస్థ. బిల్లుల లెక్క, వెబ్‌సైటు, చెల్లింపులు వేరే వ్యవస్థ. ఆ గీత అక్కడ ఉండబట్టి ఇళ్లలో ఫ్యాన్లు తిరిగాయి.

అదే వారం బంగాళాఖాతంలో ఫణి తుపాను ముదురుతోంది. ఏప్రిల్ 26న వాయుగుండంగా మొదలై, మే 3 ఉదయం పూరీ దగ్గర తీరం దాటింది. అంతకు ఆర్నెల్ల కిందటే తిత్లీ తుపాను శ్రీకాకుళంలో కరెంటు స్తంభాలు పడగొట్టి పోయింది. సిక్కోలు మీదికి మరో గాలి వస్తుందని తెలిసి స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, మనుషులను సర్దుకోవాల్సిన రోజుల్లోనే ఈపీడీసీఎల్ కంప్యూటర్లకు ఈ తాళం పడింది. పగవాడికి కూడా ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు.

ఈ రాబిన్‌హుడ్ పేదలకు పంచేది ఏమీ లేదు. దాన్ని విప్పి చూసిన పరిశోధకులు 2019లోనే దాని పనితీరు వివరంగా రాశారు. ముందు విండోస్ టెంప్ ఫోల్డరులో పబ్.కీ అనే ఫైలు ఉందో లేదో చూస్తుంది. ఆ తాళంబుర్ర లేకపోతే పని మొదలుపెట్టదు. అంటే దొంగ ముందే లోపలికి వచ్చి అన్నీ సర్దుకుని తర్వాత దీన్ని వదిలాడన్నమాట. ఆ తర్వాత 181 విండోస్ సర్వీసులను వరసగా ఆపేస్తుంది: యాంటీవైరస్, డేటాబేసు, మెయిలు, బ్యాకప్ ప్రోగ్రాములు. తెరిచి ఉన్న ఫైలుకు తాళం వేయడం కష్టం కాబట్టి ముందు వాటిని పట్టుకున్న చేతులు విడిపిస్తుంది. ఆపైన ఒక చిన్న ఆజ్ఞ ఇస్తుంది. వీఎస్ఎస్ అడ్మిన్, డిలీట్ షాడోస్, ఆల్, క్వయట్. దాని భావం, ఈ యంత్రంలో ఉన్న నీడ ప్రతులన్నీ చప్పుడు చెయ్యకుండా చెరిపెయ్ అని.

షాడో కాపీ అంటే విండోస్ తనంతట తాను ఒక వాల్యూముకు, అంటే సి, డి లాంటి డ్రైవుకు, తీసి పెట్టుకునే పాత రూపం. నిన్నటి ఫైలు ఇవాళ పాడైతే "ప్రీవియస్ వెర్షన్స్" అని మీట నొక్కి వెనక్కి తెచ్చుకునే వీలు దాని వల్లే. చాలా ఆఫీసుల్లో దాన్నే బ్యాకప్ అనుకుని నిశ్చింతగా ఉంటారు. అదేమో మామూలుగా ఆ వాల్యూములోనే ఒక మూల కూర్చుని ఉంటుంది. ఇంటి తాళంచెవి, దాని నకలు ఒకే బీరువాలో పెట్టినట్టు. రాబిన్‌హుడ్‌కి ఆ సంగతి తెలుసు. అందుకే దాన్ని వదలదు. దానితో పాటు, కంప్యూటరు లేవకపోతే విండోస్ దానంతట అది చేసుకునే మరమ్మతును ఆపేసే ఆజ్ఞ. ఇంకొకటి, జరిగింది రాసి పెట్టుకునే లాగ్‌ల తుడిచివేత. ఇవన్నీ అయ్యాక ఫైళ్లకు తాళం, పేర్లకు చివర రాబిన్‌హుడ్ అన్న తోక.

మన డిస్కంలు, అంటే ఈ పంపిణీ సంస్థలు, బయటపడింది బ్యాకప్ ఉండబట్టి. డేటా పోలేదని అధికారులు చెప్పారు, సైట్లు రోజుల్లోనే తిరిగి తెరుచుకున్నాయి. పత్రికల్లో ఆ ముక్క ఒక్క వాక్యం: బ్యాకప్ నుంచి పునరుద్ధరించారు. చదివేవాడికి అది క్యాసెట్ తిప్పి పెట్టినంత తేలికగా కనపడుతుంది. ఆ ఒక్క వాక్యం కింద ఎంత పని ఉంటుందో, అందులో ఎక్కడ కాలు జారుతుందో చెప్పడానికే ఈ కథ.

తాళం పడిన సర్వరు ముందు కూర్చున్నవాడికి మొదటి ప్రశ్న బ్యాకప్ ఎక్కడ అని కాదు. దాన్ని పోయడానికి కింద ఏముంది అని. డిస్కును పొలం అనుకుంటే వాల్యూములు అందులోని సర్వే నంబర్లు. ఏ గట్టు ఎక్కణ్ణుంచి ఎక్కడికో చూపే ఎఫ్ఎంబీ పటం పేరు పార్టిషన్ టేబుల్. పటం చూడకుండా గట్టు వేస్తే ఏమవుతుందో నరసరావుపేట కోర్టు మెట్లు ఎక్కినవాళ్లని అడగాలి.

ఆ పటం పాత పద్ధతిలో, అంటే ఎంబీఆర్‌లో, డిస్కు మొట్టమొదటి 512 బైట్లలో ఇరుక్కుని ఉంటుంది. నాలుగు ముఖ్య భాగాలకే చోటు, రెండు టెరాబైట్లు దాటిన డిస్కును పూర్తిగా చూడలేదు. కొత్తదైన జీపీటీ పద్ధతిలో విండోస్ 128 భాగాల దాకా రాస్తుంది, పటానికి ఇంకో నకలు డిస్కు చివర కూడా ఉంచుతుంది. పాత సర్వరు ఎంబీఆర్‌తో పుట్టి, దాని బదులు తెచ్చిన కొత్త సర్వరు జీపీటీ మీద లేచేదైతే, బ్యాకప్ నిక్షేపంగా ఉన్నా యంత్రం మాత్రం లేవదు. నల్ల తెర మీద ఒక గీత ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. పెద్దసారు వెనక నిలబడి "బ్యాకప్ ఉందన్నారుగా?" అంటాడు. ఉంది. కూర్చోవడానికి చోటు కుదరలేదు, అంతే.

డేటాబేసు నడిచే సర్వరులో సాధారణంగా ఒక్క వాల్యూము ఉండదు. సి లో విండోస్, డి లో డేటాబేసు ఫైళ్లు, ఇ లో లాగ్‌లు, ఎఫ్ లో ఆ రోజు తీసిన కాపీ, ఇట్లా ఉంటుంది. పునరుద్ధరణలో ఈ అక్షరాలు మారకూడదు. ప్రోగ్రాము లోపల ఎక్కడో "డి డ్రైవులో ఫలానా ఫోల్డరు" అని రాసి ఉంటుంది, అక్షరం మారితే ఫైలు ఉన్నా దానికి లేనట్టే. వాల్యూము పరిమాణం పాతదానికి తగ్గకూడదు. డిస్కును ముక్కలుగా విడగొట్టే కొలత కూడా చూసుకోవాలి. విండోస్ మామూలుగా 4 కేబీ ముక్కలు వేస్తుంది, ఎస్‌క్యూఎల్ సర్వరు డేటా వాల్యూములకు 64 కేబీ వెయ్యమని సలహా. తప్పు కొలత వేస్తే యంత్రం లేస్తుంది గానీ నెలాఖరు బిల్లింగు రోజున ఈసురోమనవచ్చు. అప్పుడు ఎవరికీ కారణం తట్టదు.

వీటికంటే కింద రెయిడ్ ఉంటుంది. నాలుగైదు డిస్కులను కలిపి ఒక్కటిగా చూపే ఏర్పాటు. రెయిడ్ 5 లో ఒక డిస్కు చచ్చినా మిగతావాటితో బండి నడుస్తుంది. అందుకని రెయిడ్ ఉందిగా, మనకేం భయం అనే ఇంజినీర్లు ఇప్పటికీ ఉన్నారు. తాళం వేసిన ఫైలును రెయిడ్ అంతే శ్రద్ధగా అన్ని డిస్కుల మీదా రాసి పెడుతుంది. డిస్కులు బయటికి తీసి మళ్లీ పెట్టేటప్పుడు వరస తప్పినా, కంట్రోలరు అడిగిన ప్రశ్నకు నిద్రమత్తులో "ఎస్" అన్నా, ప్రమాదం ఒక డిస్కుకు కాదు, మొత్తం వాల్యూముకు. విండోస్ కూడా తనకు తెలియని డిస్కు కనపడగానే "ఇనిషియలైజ్ చేయమంటారా?" అని మర్యాదగా అడుగుతుంది. సరే అంటే కొత్త పటం గీసేస్తుంది, పాత గట్ల సంగతి దానికి పట్టదు. రాత్రి రెండు గంటలకు ఆ మర్యాదకు లొంగినవాళ్లే ఎక్కువ.

రాబిన్‌హుడ్ మన దగ్గర ఆగలేదు. 2019 మే 7న అమెరికాలో బాల్టిమోర్ నగరపాలక సంస్థ మీద పడింది. నీటి బిల్లులు, ఆస్తి పన్నులు, ఇళ్ల రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. ఒక్కో యంత్రానికి మూడు బిట్‌కాయిన్లు, అన్నిటికీ కలిపి అయితే 13 అని బేరం. నాలుగు రోజులు దాటితే రోజుకు పదివేల డాలర్ల చొప్పున పెరుగుతుందని బెదిరింపు. అప్పటి ధరలో 13 బిట్‌కాయిన్లంటే 76 వేల డాలర్ల చిల్లర. మేయరు జాక్ యంగ్ కట్టనన్నాడు. చివరికి నగరానికి అయిన ఖర్చు, రాని రాబడి కలిపి కోటీ 82 లక్షల డాలర్లని లెక్క తేలింది. కట్టేస్తే పోయేదిగా అనేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉంటారు. దొంగ ఇచ్చే తాళంచెవితో లేపిన యంత్రాన్ని ఎట్లా నమ్ముతారు? దాన్నీ తుడిచి, గట్లు మళ్లీ వేసి, మొదటి నుంచీ ఎక్కించాల్సిందే. ఖర్చు తప్పదు.

బాల్టిమోర్ కథలో నన్ను పట్టుకున్న ముక్క ఇంకొకటి. ఆ సెప్టెంబరులో నగర ఆడిటరు చెప్పాడు: ఐటీ శాఖ పనితీరు లెక్కలే పోయాయి, వాటిని కొందరు ఉద్యోగులు తమ కంప్యూటరు సొంత హార్డ్‌డిస్కులో పెట్టుకున్నారు, దానికి బ్యాకప్ లేదు అని. అందరికీ బ్యాకప్ తీయాల్సిన శాఖే తనది తీసుకోలేదు. బ్యాకప్ ప్రోగ్రాము తనకు చూపించిన వాల్యూములనే తీసుకెళుతుంది. చూపించనిది దానికి లేదు.

ఇంకో కథ, 2017 జనవరి 31 నాటిది. గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజినీరు అర్ధరాత్రి డేటాబేసు మరమ్మతు చేస్తూ, చెరపాల్సిన సర్వరులో అనుకుని అసలు సర్వరులో చెరిపేశాడు. సెకనులో తెలుసుకుని ఆపాడు. అప్పటికి 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నాయి, తీరా చూస్తే ఒక్కటీ చెప్పినట్టు పనిచెయ్యట్లేదు. రోజువారీ కాపీ అసలు పడటం లేదు, ప్రోగ్రాము వెర్షన్ తేడా. పడటం లేదని వచ్చే హెచ్చరిక మెయిళ్లు కూడా దారిలోనే తిరస్కారమవుతున్నాయి. కాపాడింది అదే ఇంజినీరు వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక ఎల్‌వీఎం స్నాప్‌షాట్, అంటే లినక్స్‌లో వాల్యూముకు తీసే ఫోటో. అది కూడా నత్తనడక డిస్కుల మీద ఉండటంతో అసలు చోటికి చేరడానికి పద్దెనిమిది గంటలు పట్టింది. ఎంత వేగంతో తిరిగి వస్తుందో కూడా ఎవరూ చూసుకోలేదు. ఆ సంస్థ ఈ పునరుద్ధరణను యూట్యూబులో లైవ్‌గా చూపించింది. మన ఆఫీసులు అట్లా చూపించే రోజు వస్తే నేను కూర్చుని చూస్తాను.

మళ్లీ ఈపూరు. ఆ వేసవిలోనే నెట్ సెంటరు అబ్బాయి కంప్యూటరు కూడా పడింది. వైరస్ కాదు, ఐదేళ్ల నుంచి తిరిగిన 500 జీబీ హార్డ్‌డిస్కు టకటకమని చప్పుడు చేసి ఆగిపోయింది. క్యాబినెట్లో డిస్కులు రెండు. ఆగింది సి. రెండోది డి, అందులో పట్టాదారు పాసుపుస్తకాల స్కాన్లు, రేషన్ కార్డులు, సర్టిఫికెట్లు, చుట్టుపక్కల ఊళ్ల పిల్లల ఫోటోలు. వినుకొండ నుంచి మెకానిక్కు బస్సు దిగి వచ్చాడు. చేతిలో కొత్త 240 జీబీ ఎస్ఎస్‌డీ, జేబులో పెన్‌డ్రైవు. అబ్బాయి అదృష్టం కొద్దీ సంక్రాంతికి తీసిన సిస్టమ్ ఇమేజ్ ఒక బయటి హార్డ్‌డిస్కులో ఉంది.

"ఇమేజ్ ఎక్కిస్తే అన్నీ పాత పద్ధతిలో వచ్చేస్తయ్యి గదన్నా?"

"వస్తయ్యి. ముందు స్క్రూడ్రైవర్ ఇటియ్యి."

మెకానిక్కు కంప్యూటరు ఆన్ చెయ్యలేదు. క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి, డి డిస్కుకు పోయే ఎర్ర డేటా వైరు పీకి పక్కన పెట్టాడు.

"అదెందుకన్నా? అది బాగానే ఉందిగా."

"బాగానే ఉందని పీకా. నా చెయ్యి జారినా దాని జోలికి పోకూడదు. రెండేళ్ల కిందట పోలీస్ స్టేషన్లలో కంప్యూటర్లకి పట్టిందే, వాన్నాక్రై, అప్పుడు చూసినా. తెచ్చి విండోస్ కొత్తగా వేసి ఇమ్మంటే వేసి ఇచ్చినోళ్లు ఎంతమందో. డి ఏమైందంటే ఒక్కడూ చెప్పడు."

2017 మేలో వాన్నాక్రై అనే ఇంకో రాన్సమ్‌వేర్ ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లను పట్టుకున్న మాట నిజం. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో పద్దెనిమిది యూనిట్లని అప్పట్లో అధికారులు చెప్పారు. అది కూడా షాడో కాపీలను చెరిపే రకమే.

ఆగిన డిస్కు తీసి కొత్తది బిగించి, పెన్‌డ్రైవు మీద లేపితే రికవరీ తెర వచ్చింది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఆ తెరలో అక్షరాలు మామూలు అక్షరాలు కావు. రికవరీ తనకు ఎక్స్ అన్న డ్రైవు పెట్టుకుంటుంది, మన సి అక్కడ డి అని కనపడొచ్చు, డి సి అని కనపడొచ్చు. పేరు చూసి నమ్మినవాడు మోసపోతాడు. మెకానిక్కు నల్ల తెరలో డిస్క్‌పార్ట్ తెరిచి లిస్ట్ డిస్క్ అని కొట్టాడు. డిస్క్ 0, డిస్క్ 1, డిస్క్ 2, పక్కన పరిమాణం, చివరి గడిలో జీపీటీ అయితే చిన్న నక్షత్రం.

"చూడు. పేరు చూడొద్దు, సైజు చూడు. రెండొందల ఇరవై చిల్లర ఉన్నదేగా మన కొత్తది? రెండోది నీ ఇమేజ్ ఉన్న బయటి డిస్కు. చిన్నది నా పెన్‌డ్రైవు. ఇంకేం లేవుగా? ఇప్పుడు పోదాం."

ఇమేజ్ ఎంచుకున్నాక "ఫార్మాట్ అండ్ రీపార్టిషన్ డిస్క్స్" అని ఒక గడి. అందులో టిక్కు పడితే, ఇమేజ్ ఉన్నది తప్ప యంత్రానికి తగిలించిన డిస్కులన్నిటినీ పాత పటానికి తగ్గట్టు తుడిచి గీసేస్తుంది. కొత్త ఖాళీ డిస్కు పెట్టినప్పుడు ఆ టిక్కు తనే పడుతుంది, తీయనివ్వదు కూడా. పక్కనే "ఎక్స్‌క్లూడ్ డిస్క్స్" అని మీట ఉంది, వదిలెయ్యాల్సిన డిస్కులను అక్కడ చెప్పుకోవాలి. ఆ మీట చూడనివాళ్లే ఎక్కువ. వైరు పీకి ఉన్న డిస్కుకు ఏ మీటా అక్కర్లేదు.

నొక్కాడు. ఒక నిమిషం ఆలోచించి, పునరుద్ధరించడానికి సరిపోయే డిస్కు దొరకలేదంది తెర.

"సి లో నిండింది డెబ్బై జీబీ కూడా లేదన్నా. రెండొందల నలభై చాలదా?"

"నిండింది కాదురా తమ్ముడూ, గీసింది చూస్తుంది ఇది. పాత పటంలో సి నాలుగొందల అరవై దాకా ఉంది. అంత స్థలం చూపించాలి."

చూపించడానికి ఇంకో పాత డిస్కు, అదీ 500 జీబీదే, తన సంచిలోంచి తీశాడు. దాని మీద ఇమేజ్ ఎక్కింది. కంప్యూటరు లేచింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి పోయి సి వాల్యూమును కుదిద్దామంటే అది సగం దాకా వచ్చి ఆగింది. కదలని ఫైళ్లు మధ్యలో కూర్చున్నాయి, పేజీ ఫైలు వాటిలో ఒకటి. పేజీ ఫైలు ఆపి, యంత్రం తిరిగి లేపి, మళ్లీ కుదిస్తే దారికి వచ్చింది. అక్కణ్ణుంచి క్లోనింగ్ ప్రోగ్రాముతో ఎస్ఎస్‌డీ మీదికి. సాయంత్రం వినుకొండ బస్సు పోయింది, తర్వాతది కూడా పోయింది.

ఎర్ర వైరు తగిలించి లేపాక చివరి చిక్కు. స్కానింగు ప్రోగ్రాము తెరిస్తే పాసుపుస్తకాలు ఒక్కటీ లేవు. అబ్బాయి మొహంలో నెత్తురు లేదు.

"పోయినయ్యా అన్నా?"

"యాడికి పోతయ్యి? నీ డీవీడీ డ్రైవు డి అయి కూర్చుంది. నీ డిస్కు ఇ అయింది. నీ ప్రోగ్రామేమో డి, డి అని వెతుకుతుంది."

డీవీడీకి జెడ్ అని పేరు మార్చి, డిస్కుకు డి తిరిగిచ్చాడు. స్కాన్లు వరసగా వచ్చి కూర్చున్నాయి.

ఈపూరులో ఒక మెకానిక్కు సాయంత్రంలో చేసిన పని, డిస్కం సర్వరు గదిలో చేసే పని వేరు వేరు కాదు. కొలతలు వేరు, ఒత్తిడి వేరు, గదిలో ఏసీ ఉంటుంది. మొదట బాగున్నదాన్ని విడదీసి పక్కన పెట్టడం, పేరు కాకుండా ఆనవాలు చూసి డిస్కును గుర్తుపట్టడం, పాత గట్లు తెలుసుకోవడం, అక్షరాలు తిరిగి సరిచూడటం, ఇంతే. పెద్ద గదుల్లో దీనికి తోడు ఇంకొక జాగ్రత్త ఉంటుంది: నెట్‌వర్కు తీగ పెట్టకుండా లేపాలి, లేకపోతే పక్క యంత్రంలో దాక్కున్న వైరస్ పోసినవాటికి మళ్లీ తాళం వేస్తుంది.

ఈమధ్య కొత్తగా తోడైన చిక్కు విండోస్ తనే డిస్కుకు వేసే తాళం, బిట్‌లాకర్. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌కి ప్రపంచంలో 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర వేసుకున్నాయి, శంషాబాదు విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. చెరపాల్సింది ఒక్క ఫైలు. కానీ వాల్యూముకు బిట్‌లాకర్ తాళం ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కొట్టనిదే ఆ ఫైలు దాకా పోనివ్వలేదు. కీలు దాచిన సర్వరు కూడా పడిపోయిన ఆఫీసుల్లో పరిస్థితి ఊహించుకోండి. ఈ రోజుల్లో కొత్త లాప్‌టాప్‌లు చాలావరకు ఈ తాళంతోనే వస్తున్నాయి, కొన్నవాళ్లకి ఆ సంగతి తెలియదు.

రాబిన్‌హుడ్ వెనక ఉన్నవాళ్లలో ఒకడు దొరికాడు. సీనా గోలినెజాద్ అనే ఇరాన్ దేశస్థుడు, 37 ఏళ్లవాడు, 2025 మే 27న నార్త్ కరోలినాలోని ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అమెరికా న్యాయశాఖ చెప్పిన బాధితుల్లో బాల్టిమోర్, గ్రీన్‌విల్ లాంటి నగరాలున్నాయి. ఆ శాఖ లెక్కలో ఒక్క బాల్టిమోర్ నష్టమే కోటీ 90 లక్షల డాలర్ల పైమాట. గరిష్ఠంగా ముప్ఫై ఏళ్ల శిక్ష పడే నేరం.

ఇది చదువుతున్న మీరు నెట్ సెంటరు నడుపుతున్నా, సహకార సంఘంలో కంప్యూటరు చూస్తున్నా, ఇంట్లో పిల్లల ఫోటోలు లాప్‌టాప్‌లో దాచుకున్నా ఇవాళ పది నిమిషాల పని ఒకటి చెయ్యండి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అక్కడ కనపడే డిస్కులు, వాటి సైజులు, ఏ అక్షరం దేనిది, ఎంబీఆరా జీపీటీనా అన్నది ఒక కాయితం మీద రాయండి, లేదా ఫోనుతో తెర ఫోటో తీసుకోండి. బిట్‌లాకర్ ఉంటే ఆ 48 అంకెలు కూడా రాసి, ఆ కాయితాన్ని కంప్యూటరు పక్కన కాకుండా ఇంకో చోట పెట్టండి. బ్యాకప్ తీసిన డిస్కు వైరు పని అయిపోగానే పీకేయండి. వచ్చే ఆదివారం ఆ బ్యాకప్‌లోంచి ఒక్క ఫైలన్నా తిరిగి తెచ్చి చూడండి.